రక్తం తీసేటప్పుడు ఎక్కడెక్కడ పొరపాటు జరుగుతుంది? గుచ్చేవాళ్ళకీ, గుచ్చించుకునేవాళ్ళకీ

పోయిన ఎపిసోడ్‌లో సీబీపీ రిపోర్టు ఎలా చదువుకోవాలో చెప్పుకున్నాం కదా. అది చూశాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "ఒకే రోజు రెండు ల్యాబుల్లో ఇస్తే రెండు రకాలుగా వచ్చింది సార్, ఏ మిషన్ మంచిది?" అని.

మిషన్ సంగతి కాసేపు పక్కన పెడదాం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను, ఇప్పుడు డీఎంఎల్‌టీ పిల్లలకి పాఠం చెబుతున్నాను. నేను చూసినంతలో, పుస్తకాలు కూడా చెప్పేది అదే, రిపోర్టులో తప్పులు ఎక్కువగా మిషన్ దగ్గర పుట్టవు. శాంపిల్ మిషన్ దాకా రాకముందే, అంటే పేషెంట్ చెయ్యి చాపినప్పటి నుంచి ట్యూబు ల్యాబుకి చేరేలోపు పుడతాయి. మిషన్‌కి ఏ రక్తం ఇస్తే దానికే లెక్క చెబుతుంది. ఆ రక్తం ఎవరిదో, ఎలా తీశారో దానికి తెలీదు కదండీ.

అందుకని ఈ రోజు రక్తం తీయడం గురించే మాట్లాడుకుందాం. స్టూడెంట్లు, నర్సింగ్ వాళ్ళు చూస్తున్నారు, పేషెంట్లూ చూస్తున్నారు. ఇద్దరికీ కలిపే చెబుతాను.

ముందు సూది కాదు, పేరు. మా క్లాసులో మొదటి రోజు నేను సూది చేతికివ్వను. పేరు అడగడం నేర్పిస్తాను. పిల్లలు నవ్వుతారు. అప్పుడు నా కథ చెబుతాను.

నేను కొత్తగా చేరిన రోజులు. హాస్పిటల్ పేరు వద్దులెండి. ఆడవాళ్ళ వార్డులో ఇద్దరు లక్ష్మిలు ఉన్నారు. ఒకావిడ 7వ నంబరు మంచం, ఇంకొకావిడ 11. పదకొండులో ఆవిడకి మర్నాడు ఆపరేషన్, బ్లడ్ గ్రూపు, క్రాస్ మ్యాచ్ రాశారు. నేను వెళ్ళేసరికి ఆవిడ బాత్రూముకి వెళ్ళింది. ఆ మంచం పైన ఫ్యాన్ బాగా తిరుగుతుందని ఏడో నంబరు లక్ష్మమ్మ వచ్చి అక్కడ కూర్చుంది. నేను "లక్ష్మి గారేనా అమ్మా?" అన్నాను. "ఆఁ, నేనే బాబూ" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు కదా! తీసేశాను. ట్యూబులు జేబులో వేసుకుని, ఇంకో ముగ్గురికి కూడా తీసి, కౌంటర్ దగ్గరికొచ్చి తీరిగ్గా లేబుళ్ళు రాశాను.

మా బ్లడ్ బ్యాంకులో ఒక సీనియర్ ఉండేవారు. ఎంత రద్దీ ఉన్నా పాత రిజిస్టరు తిరగేసేవారు. ఈ పేషెంటుకి అంతకుముందు కాన్పప్పుడు చూసిన గ్రూపు ఓ పాజిటివ్. ఇప్పుడు నేను పంపింది బి పాజిటివ్. ఆయన నన్ను తిట్టలేదు. ఫోన్ చేసి, "ఆ అమ్మకి కొత్తగా రక్తం తీసుకురా నాయనా, ఈసారి నేనూ వస్తాను పద" అన్నారు అంతే. మంచం దగ్గరికి వెళ్ళాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఎందుకంటే ఓ గ్రూపు వాళ్ళ రక్తంలో బి కణాలకి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టుకతో కాకపోయినా చిన్నప్పటి నుంచే తయారై ఉంటాయి. వాళ్ళకి బి రక్తం ఎక్కిస్తే ఆ కణాలు నరాల్లోనే పగిలిపోతాయి. జ్వరం, చలి, నడుం నొప్పి, బీపీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం, ప్రాణం పోవడం కూడా జరగొచ్చు. ఇందులో సూది గుచ్చడం తప్పు లేదు, మిషన్ తప్పు లేదు. నేను అడిగిన ప్రశ్న తప్పు.

"మీరు ఫలానా వారేనా?" అని అడగకూడదు. మన పెద్దవాళ్ళు, వినికిడి తక్కువున్నవాళ్ళు, నీరసంగా ఉన్నవాళ్ళు దేనికైనా "ఆఁ" అనేస్తారు. "మీ పేరు చెప్పండమ్మా" అని అడగాలి. వాళ్ళ నోటితో చెప్పించాలి. పేరుతో పాటు ఇంకొకటి కూడా సరిచూడాలి, ఐపీ నంబరో, పుట్టిన తేదీయో. వెంకటేశ్వర్లు, లక్ష్మి, నాగేశ్వరరావు లాంటి పేర్లు ప్రతి వార్డులో ఇద్దరు ముగ్గురుంటారు, ఇంటిపేరు తప్పకుండా అడగండి. భర్త పేరు అడిగితే కొంతమంది పెద్దావిడలు ఇప్పటికీ నోటితో చెప్పరు, పక్కనున్న కూతురి వైపు చూస్తారు. నవ్వకండి, కూతుర్నే అడగండి. మంచం నంబరుని మాత్రం గుర్తుగా పెట్టుకోకండి, మంచాలు మారిపోతుంటాయి.

ఇంకోటి. లేబుల్ మంచం పక్కనే అంటించాలి, రక్తం తీసిన వెంటనే, పేషెంట్ ఎదురుగానే. ముందే రాసిపెట్టుకున్న ఖాళీ ట్యూబులు జేబులో పెట్టుకుని తిరగడం కూడా అంతే ప్రమాదం. పేషెంట్లకి చెప్పేదేమిటంటే, ట్యూబు మీద మీ పేరు చూపించమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. అడిగినవాళ్ళని నేనైతే మెచ్చుకుంటాను.

సరే, పేరు అయ్యింది. సూది తీసేముందు ఇంకో నాలుగు మాటలు అడగాలి. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా, ఇంతకుముందు రక్తం ఇచ్చినప్పుడు కళ్ళు తిరిగాయా, రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నారా, ఏ చేతికైనా ఆపరేషన్ అయిందా. గుండెకి వాల్వు వేసినవాళ్ళు వార్ఫరిన్ లాంటివి వాడతారు, స్టెంటు వేసినవాళ్ళు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడతారు. వాళ్ళకి రక్తం ఆగడానికి టైం పడుతుంది, అది ముందే తెలిస్తే ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటాం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు. ఆ చెయ్యి వాచిపోయే అవకాశం ఉంటుంది.

డయాలసిస్ పేషెంట్ల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చే స్టూడెంట్లకి ఇది నేను చెప్పక్కర్లేదు, వాళ్ళ ఇళ్ళల్లోనే కిడ్నీ జబ్బు మనుషులుంటారు. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా చేస్తారు, అంటే ధమనినీ సిరనీ కలిపి కుడతారు. చెయ్యి పెడితే గరగరమని తెలుస్తుంది, నరం ఉబ్బి చాలా బాగా కనబడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి అది చూడగానే "అబ్బ, ఎంత మంచి నరం" అనిపిస్తుంది. ఆ చెయ్యి వైపు చూడనే వద్దు. టోర్నికెట్ కట్టకూడదు, బీపీ పట్టీ కూడా వేయకూడదు. అది మూసుకుపోతే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషికి దారి మూసుకుపోయినట్టే. ఇంకా డయాలసిస్ మొదలుకాని కిడ్నీ పేషెంట్లకి కూడా ముంజేతి నరాలు రేపటి ఫిస్టులా కోసం దాచుకోవాల్సినవి. వీలున్నంత వరకు అరచేతి వెనక వైపు తీయండి. పేషెంట్లే ఈ మాట చెప్పి చెయ్యి మార్చమని అడగొచ్చు.

ఇప్పుడు టోర్నికెట్. గుచ్చే చోటికి ఓ నాలుగు వేళ్ళ పైన కట్టాలి. ఒక్క నిమిషం. అంతకంటే ఎక్కువసేపు ఉంచకూడదు. నిమిషంలో నరం దొరక్కపోతే విప్పేయండి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కట్టండి. కట్టి ఉంచి ట్యూబుల కోసం వెతుక్కోవడం, పక్కవాళ్ళతో మాట్లాడటం నేను రోజూ చూస్తుంటాను. ఎక్కువసేపు కట్టి ఉంచితే నీరు నరంలోంచి బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది. ప్రొటీన్, కాల్షియం, కొలెస్ట్రాల్, పీసీవీ అన్నీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.

దీనికి తోడు "పిడికిలి మూయండి, తెరవండి, మూయండి, తెరవండి" అని కసరత్తు చేయిస్తాం చూడండి, అది ఇంకో తప్పు. కండరం పని చేస్తే పొటాషియం వదులుతుంది. టోర్నికెట్ కట్టి ఉన్నప్పుడు అది అక్కడే నిలబడిపోతుంది. మనం తీసేది ఆ రక్తమే.

నాకు తెలిసిన ఒక పెద్దాయన బీపీ మందులు వాడతారు. మామూలు చెకప్‌లో పొటాషియం 6.3 వచ్చింది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆరు దాటితే గుండె కొట్టుకోవడమే తేడా వస్తుంది, ఆగిపోవచ్చు కూడా. వాళ్ళబ్బాయి రాత్రికి రాత్రి ఆటోలో క్యాజువాలిటీకి తీసుకెళ్ళాడు. ఈసీజీ తీస్తే మామూలుగా ఉంది. అక్కడ సిస్టర్ పిడికిలి కసరత్తు లేకుండా మళ్ళీ రక్తం తీసింది. 4.4. ఆ కుటుంబం ఆ రాత్రంతా పడిన భయానికి కారణం ఓ రబ్బరు పట్టీ, ఓ పిడికిలి. పోనీ ఇక్కడ భయంతో పోయింది. రివర్స్‌లో ఆలోచించండి. నిజంగా పొటాషియం తగ్గిపోయిన మనిషికి, విరేచనాలయిన వాళ్ళకో, నీళ్ళు పోయే మాత్రలు వాడేవాళ్ళకో, ఈ తప్పు వల్ల రిపోర్టు "నార్మల్" అని వస్తే? దాన్ని ఎవరూ అనుమానించరు. నాకు ఇదే ఎక్కువ భయం.

పిడికిలి ఒకసారి మెల్లగా మూసి ఉంచితే చాలు, సూది లోపలికి వెళ్ళాక వదిలేయమనాలి. రక్తం రావడం మొదలవగానే టోర్నికెట్ విప్పేయాలి. నరం కనబడట్లేదని చెయ్యి మీద చరచకండి. గోరువెచ్చటి గుడ్డ కాసేపు వేస్తే, చెయ్యి కిందికి వేలాడదీస్తే చాలావరకు కనబడుతుంది. కనబడటం కంటే వేలికి తగలడం ముఖ్యం. స్పాంజి నొక్కినట్టు నొక్కితే లోపలికి వెళ్ళి పైకి లేవాలి. గట్టిగా తాడులా తగిలితే అది టెండన్, కొట్టుకుంటుంటే ధమని.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. మనం రక్తం పారే దాన్నీ నరమే అంటాం, స్పర్శ తెలిపే దాన్నీ నరమే అంటాం. "నరం దొరకలేదు" అంటే సిర, "నరాల బలహీనత" అంటే ఇంకోటి. పుస్తకంలో మొదటిది సిర, రెండోది నాడి. సూది దగ్గర ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే మోచేయి మడతలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. మడత మధ్యలో ఉండే సిరని మీడియన్ క్యూబిటల్ అంటాం, మొదటి ఎంపిక అదే. కదలదు, పైనే ఉంటుంది. బొటనవేలి వైపు ఉండేది రెండో ఎంపిక. చిటికెన వేలి వైపు, అంటే ఒంటి వైపుకి ఉండే బసిలిక్ సిర ఒక్కోసారి బాగా లావుగా కనబడుతుంది కానీ దాని దగ్గర్లోనే ధమని, నాడులు ఉంటాయి. వేరే దారి లేకపోతేనే అక్కడికి వెళ్ళాలి. మణికట్టు లోపలివైపు అసలు గుచ్చొద్దు.

గుచ్చగానే పేషెంటు "చెయ్యంతా కరెంటు కొట్టినట్టుంది" అన్నా, వేళ్ళలోకి తిమ్మిరి పాకిందన్నా సూది వెంటనే తీసేయాలి. "ఒక్క నిమిషం ఓర్చుకోండమ్మా, వచ్చేస్తోంది" అనకూడదు. ఆ ఓర్చుకున్న నిమిషంలోనే నాడి దెబ్బతినొచ్చు. మామూలు నొప్పికీ దీనికీ తేడా పేషెంటుకి తెలిసిపోతుంది. మీకు అలా అనిపిస్తే గట్టిగా చెప్పండి, చెయ్యి మాత్రం లాక్కోకండి. అలాగే సూదిని లోపల అటూ ఇటూ తిప్పి వెతకడం. ఊళ్ళో బావిలో చేద వెతికినట్టు వెతుకుతారు కొంతమంది. అది నేర్పు కాదండీ. సూది 30 డిగ్రీలకి మించని వాలుతో వెళ్ళాలి, రాకపోతే కొద్దిగా ముందుకో వెనక్కో జరిపి చూడొచ్చు, అంతే. ఒక మనిషి రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే ఇంకొకరిని పిలవాలి. మూడోసారి గుచ్చడం పట్టుదల, దాన్ని పేషెంటు భరించాల్సిన పని లేదు.

రక్తం ఎర్రగా మెరుస్తూ, తన్నుకొస్తున్నట్టు వస్తే అది ధమని. కంగారుపడొద్దు. సూది తీసి, కనీసం 5 నిమిషాలు మీరే గట్టిగా నొక్కి పట్టుకోండి, ఆగిందని చూసుకున్నాకే వదలండి, డాక్టరుకి చెప్పండి.

చెయ్యి కమిలిపోవడం గురించి అందరూ అడుగుతుంటారు. సిర గోడకి పడ్డ చిల్లులోంచి రక్తం చర్మం కిందికి కారితే బొప్పి కడుతుంది, నల్లబడుతుంది. ముఖ్యంగా మనం చేసే ఒక అలవాటు వల్ల. రక్తం తీయగానే దూది పెట్టి "చెయ్యి మడిచి పెట్టుకోండి" అంటాం. మడిస్తే ఆ చిల్లు మీద సరైన ఒత్తిడి పడదు, తెరిచినప్పుడు మళ్ళీ కారుతుంది. చెయ్యి చాపి, దూది మీద వేలితో తిన్నగా నొక్కి పట్టుకోవాలి. 3 నుంచి 5 నిమిషాలు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఇంకా ఎక్కువసేపు. రుద్దొద్దు. టోర్నికెట్ విప్పకముందే సూది లాగినా ఇదే జరుగుతుంది. బొప్పి వచ్చేస్తే ఆ రోజు చల్లటి గుడ్డ పెట్టుకోండి, బరువులు ఎత్తొద్దు, వారం పది రోజుల్లో పచ్చబడి పోతుంది. వాపు పెరుగుతున్నా, వేళ్ళు మొద్దుబారుతున్నా మాత్రం డాక్టరుకి చూపించాలి.

కళ్ళు తిరిగి పడిపోవడం. ఫాస్టింగ్ షుగర్ కోసమని తెల్లారకముందే లేచి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, గంటన్నర ఆర్టీసీ బస్సులో నిలబడి వచ్చి, లైన్లో ఇంకో గంట నిలబడినవాళ్ళకి సూది చూడగానే చెమట పట్టేస్తుంది. ఫాస్టింగ్ అంటే అన్నం, టిఫిన్, కాఫీ, టీ వద్దని. మంచినీళ్ళు తాగొచ్చండీ, తాగాలి కూడా. ఒంట్లో నీళ్ళుంటే నరం కూడా బాగా దొరుకుతుంది. కొంతమందికి భయంతోనో, రక్తం చూడటంతోనో గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి. బలమైన మగపిల్లలు, పోలీసు సెలక్షన్లకి వెళ్ళేవాళ్ళు కూడా పడిపోవడం చూశాను. దీనికి మగతనంతో సంబంధం లేదు. అందుకని ఎవరికీ నిలబెట్టి తీయకూడదు, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టాలి, ఇంతకుముందు పడిపోయామన్న వాళ్ళని పడుకోబెట్టే తీయాలి. మొహం పాలిపోతోందంటే సూది తీసేసి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టండి. తల కాళ్ళ మధ్య పెట్టించి కుర్చీలోనే ఉంచితే ముందుకి పడి పళ్ళు విరగ్గొట్టుకుంటారు. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. తేరుకున్నాక కూడా ఓ పావుగంట కూర్చోబెట్టాకే పంపండి. పడేది చాలాసార్లు లేచి బయటికి నడుస్తున్నప్పుడే.

వార్డులో ఇంకో పెద్ద తప్పు, సెలైన్ ఎక్కుతున్న చేతికే రక్తం తీయడం. క్యాన్యులా కనబడుతోంది, ఇంకోసారి గుచ్చడం ఎందుకు పాపం అనిపిస్తుంది. ఎక్కేది గ్లూకోజ్ బాటిల్ అయితే షుగర్ 500, 600 కూడా చూపిస్తుంది. అది నమ్మి ఎవరైనా ఇన్సులిన్ ఇచ్చారనుకోండి, మామూలు షుగర్ ఉన్న మనిషి షుగర్ పడిపోయి కోమాలోకి వెళ్ళొచ్చు. జాలిపడి ఒక పోటు తప్పించబోయి ప్రాణం మీదికి తెచ్చినట్టవుతుంది. రెండో చేతికి తీయాలి. రెండు చేతులకీ బాటిళ్ళు ఉంటే డాక్టరునో సిస్టర్‌నో అడిగి, కనీసం రెండు నిమిషాలు ఆపించి, క్యాన్యులాకి కింది వైపు తీయాలి, మొదట వచ్చిన రక్తం వదిలేయాలి. ఎలా తీశామో ఫారం మీద రాయాలి.

ట్యూబుల విషయం స్టూడెంట్లకి. రంగుల వరుస బట్టీ పట్టిస్తారు కానీ ఎందుకో చెప్పరు. బ్లడ్ కల్చర్ ఉంటే అది ముందు, తర్వాత లేత నీలం మూత, ఆ తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, పర్పుల్, చివరికి బూడిద రంగు. పర్పుల్ మూతలో ఉండే ఈడీటీఏ పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పర్పుల్ తర్వాత ఎరుపు మూతలో పోస్తే సూదికి అంటిన కాస్త ఈడీటీఏ చాలు, పొటాషియం పెరిగి, కాల్షియం తగ్గిపోయి కనబడటానికి. పర్పుల్ ట్యూబు నిండిపోయిందని అందులోంచి ఎర్రదాంట్లోకి కాస్త ఒంపినవాళ్ళని కూడా చూశాను, ఏం చెప్పమంటారు! నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి, ఒక వంతు సిట్రేటుకి తొమ్మిది వంతుల రక్తం. తగ్గితే పీటీ, ఐఎన్‌ఆర్ ఎక్కువ చూపిస్తుంది, వార్ఫరిన్ డోసు అనవసరంగా తగ్గించేస్తారు, వాల్వు మీద గడ్డ కట్టొచ్చు. ట్యూబుని కాక్‌టెయిల్‌లా ఊపకండి, మెల్లగా తలకిందులు చేయండి. సిరంజితో తీస్తే సూది తీసేసి, ట్యూబు స్టాండులో పెట్టి, గోడ వెంట జారనివ్వండి. సన్నసూదిలోంచి బలంగా చిమ్మితే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. అప్పుడు కూడా పొటాషియమే పెరుగుతుంది. స్పిరిట్ రాసిన చోటు ఆరకుండా గుచ్చినా మంట, కణాలు పగలడం రెండూ ఉంటాయి. అర నిమిషం ఆరనివ్వండి. ఆరాక మళ్ళీ వేలితో తడమకండి.

ఇప్పుడు పీహెచ్‌సీల నుంచి, తెలంగాణలో అయితే బస్తీ దవాఖానాల నుంచి కూడా శాంపిళ్ళు దూరంగా ఉన్న హబ్ ల్యాబుకి వెళుతున్నాయి. మంచిదే, పేదవాళ్ళకి ఊళ్ళోనే టెస్టులు అందుతున్నాయి. కానీ మే నెలలో రామగుండం, రెంటచింతల ఎండ తలుచుకోండి. ఐస్ ప్యాకులున్న డబ్బా లేకుండా బండి మీద తీసుకెళ్ళిన ట్యూబు సంగతి వేరే చెప్పాలా? మామూలు ట్యూబులో సీరం వేరు చేయకుండా ఉంచితే కణాలు గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. షుగర్‌కి బూడిద రంగు మూత అందుకే. ఐస్ గడ్డ ట్యూబుకి నేరుగా తగలకూడదు, అలా తగిలినా కణాలు పగులుతాయి.

పిల్లల గురించి ఒక్క మాట. 3 కిలోల పసిబిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం పావు లీటరు. నెలలు నిండకుండా పుట్టిన కిలో బిడ్డకి 100 మిల్లీలీటర్లు కూడా ఉండదు. అందులో 5 మిల్లీలీటర్లు అంటే మనకి పావు లీటరు తీసినట్టు. తీసిన ప్రతి చుక్కా రాసిపెట్టాలి. మడమకి గుచ్చేటప్పుడు పక్కల్లోనే గుచ్చాలి, మధ్యలో ఎముక దగ్గరుంటుంది. పెద్దవాళ్ళు మాత్రం "మూడు ట్యూబులు తీశారు, నీరసం వచ్చేసింది" అనుకోవద్దు. మన ఒంట్లో 5 లీటర్ల దాకా ఉంటుంది, మూడు ట్యూబులు కలిపితే 10 మిల్లీలీటర్లు.

చివరిది గుచ్చేవాళ్ళ ప్రాణం గురించి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోతే వేలికి దిగింది. మందలిస్తారని ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేయకుండా కూర్చుంటే అడిగాం, ఏడ్చేసింది. అప్పటికి 26 గంటలయ్యాయి. వెంటనే తీసుకెళ్ళి మందులు మొదలుపెట్టించాం. ఆ తర్వాత ఆమె అన్ని టెస్టులూ నెగటివే, ఇప్పుడు హాయిగా ఉంది. కానీ ఆ ఒక్క రోజు ఆలస్యం భయం వల్ల జరిగింది, భయపెట్టింది మేమే.

సూది గుచ్చుకుంటే ఆ చోటు సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, బ్లీచింగ్ పోయొద్దు. వెంటనే పైవాళ్ళకి చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు, పీఈపీ అంటాం, రెండు గంటల్లో మొదలుపెడితే చాలా మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో దొరుకుతుంది. నిజానికి గుచ్చుకున్న సూది వల్ల హెచ్ఐవీ వచ్చే అవకాశం 300 మందిలో ఒకరికి. హెపటైటిస్ బి అలా కాదు, టీకా వేసుకోని వాళ్ళకి 100లో 30 మంది దాకా రావొచ్చు. మనం హెచ్ఐవీకి భయపడతాం, బి టీకా మాత్రం వాయిదా వేస్తాం. 0, 1, 6 నెలలకి మూడు డోసులు. వేసుకున్నాక నెల రెండు నెలలకి టైటర్ చూపించుకోండి, 10 పైన ఉండాలి. నా క్లాసులో మొదటి డోసు వేసుకోని వాళ్ళకి సూది ఇవ్వను.

మూత తిరిగి పెట్టకండి. సూది వాడిన చోటే కట్టర్‌లో తుంచి, గుచ్చుకోని తెల్లటి డబ్బాలో వేయాలి, 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ చెప్పేది అదే. డబ్బా మూడొంతులు నిండగానే మూసేయాలి, తోసి తోసి కుక్కకూడదు. మనం నల్ల కవర్లో పడేసిన సూది రేపు చెత్త ఏరే అమ్మ వేలికి దిగుతుంది. ఆవిడకి 72 గంటల సంగతి చెప్పేవాళ్ళుండరు.

చాలా సేపయింది, ఇక్కడ ఆపుతాను. వచ్చే ఎపిసోడ్‌లో యూరిన్ శాంపిల్ గురించి చెప్పుకుందాం. మొదటి ధార వదిలేసి మధ్యలో పట్టమంటారు కదా, ఎందుకో అప్పుడు చూద్దాం. ఈలోపు మీ రిపోర్టులో ఏదైనా అంకె మీ ఒంటికి సంబంధం లేనట్టు కనబడితే, మందు మార్చేముందు ఇంకోసారి రక్తం తీయించమని మీ డాక్టరుగారిని అడగండి. ఉంటానండీ, నమస్కారం.